ఇంకొకరి రచన వాడుకోవాలంటే: ఎవరిని, ఏమని, ఎలా అడగాలి

మీరొక కవితా సంకలనం తెస్తున్నారు. లేదా పాఠం తయారు చేస్తున్నారు, వీడియో తీస్తున్నారు, మనసుకు పట్టిన కథను వేరే భాషలోంచి అనువదించుకున్నారు. దారిలో ఎక్కడో ఒక ఫొటోనో, పాటో, నాలుగు పేజీల వ్యాసమో ఇంకొకరిది కావాల్సి వచ్చింది. "కింద పేరు వేసేద్దాం, సరిపోతుంది" అని పక్కన ఎవరో ఒకరు అంటారు. సరిపోదు. పేరు వేయడం ఒక బాధ్యత, అనుమతి తీసుకోవడం ఇంకొక బాధ్యత. మొదటిది చేసినంత మాత్రాన రెండోది తీరిపోదు.

ఫోన్లలో చేతులు మారే కవితల కింద "సేకరణ" అన్న మాట కనిపించినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది. ఆ కవితను ఎవరో కూర్చుని, కొట్టేసి, మళ్ళీ రాసి ఉంటారు. ఆ మనిషి పేరూ పోయింది, "వేసుకోవచ్చా?" అని అడిగించుకునే గౌరవమూ పోయింది. "సౌజన్యం: గూగుల్" అని ఫొటో కింద వేయడం కూడా ఇలాంటిదే. గూగుల్ ఆ ఫొటో తీయలేదు, చూపించిందంతే.

అడగడం కష్టమైన పనేం కాదు. ఏ క్రమంలో వెళ్ళాలో తెలిస్తే చాలు.

## ముందు, అనుమతి అవసరమా అని చూసుకోండి

కాపీరైట్ పుట్టడానికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, సున్నాలో సి గుర్తూ అక్కర్లేదు. రచయితల హక్కులను కాపాడడానికి 1886లో కుదిరిన బెర్న్ ఒప్పందంలో ఇప్పుడు ప్రపంచంలోని చాలా దేశాలు ఉన్నాయి. ఆ దేశాల్లో రచన రూపు కట్టగానే హక్కు దానంతటదే వస్తుంది. అందుకే "ఎక్కడా కాపీరైట్ అని రాసి లేదు" అన్న మాట మిమ్మల్ని కాపాడదు. ఆన్‌లైన్‌లో అందరికీ కనబడుతోంది కాబట్టి అందరిదీ అనుకోవడమూ పొరపాటే. వీధిలోకి కనబడే పూలతోటకు కూడా యజమాని ఉంటాడు.

అయితే రక్షణ దొరికేది చెప్పిన తీరుకు, గీసిన తీరుకు, కట్టిన బాణీకి. ఆలోచనకు, సమాచారానికి, పద్ధతికి దొరకదు. ఒక రాజు ఏ ఏడు గద్దెనెక్కాడో, ఒక వంతెన ఎందుకు కూలిందో ఎవరి వ్యాసంలో చదివినా మీ మాటల్లో మీరు రాసుకోవచ్చు. ఎక్కడ చదివారో చెప్పడం మర్యాద. కానీ వాళ్ళ వాక్యం పక్కన పెట్టుకుని ఒక్కొక్క పదమే మారుస్తూ పోతే అది మీ మాట అవదు. పుస్తకం మూసేసి, కాసేపాగి, మీకు అర్థమైనది రాయండి. తేడా మీకే తెలుస్తుంది.

తర్వాత గడువు. బెర్న్ ఒప్పందం ప్రకారం సాధారణంగా రచయిత జీవితకాలమూ, ఆపైన కనీసం 50 ఏళ్ళూ హక్కు ఉండాలి. భారతదేశంలో ఆపైన 60 ఏళ్ళు. యూరోపియన్ యూనియన్ దేశాల్లో, బ్రిటన్‌లో 70. అమెరికాలో కొత్త రచనలకు 70 అయినా, 1978కి ముందు అచ్చయిన పుస్తకాలకు ప్రచురణ సంవత్సరం నుంచి గరిష్ఠంగా 95 ఏళ్ళ లెక్క నడుస్తుంది. లెక్కించేది చనిపోయిన రోజు నుంచి కాదు, ఆ ఏడాది ముగిసినప్పటి నుంచి. 1964లో కన్నుమూసిన రచయిత పుస్తకం భారతదేశంలో 2025 జనవరి 1న అందరిదీ అయింది. 70 ఏళ్ళు లెక్కపెట్టే దేశంలో అదే పుస్తకానికి 2034 చివరి దాకా హక్కు ఉండొచ్చు. కాబట్టి మీరు ఎక్కడ ప్రచురిస్తున్నారు, ఎక్కడ అమ్ముతున్నారు అన్నది చూసుకోవాలి. ఫొటోలు, సినిమాలు, రికార్డింగుల గడువులు చాలా చోట్ల వేరుగా ఉంటాయి.

గడువులు మారుతుంటాయి కూడా. రవీంద్రనాథ్ ఠాగూర్ 1941లో పోయారు. అప్పటి 50 ఏళ్ళ లెక్కన ఆయన రచనల హక్కు 1991 చివర తీరిపోవాలి. సరిగ్గా ఆ సమయంలోనే భారతదేశం గడువును 60కి పెంచింది. వాటి హక్కు 2001 చివరిదాకా కొనసాగింది. పాత పుస్తకంలో చదివిన గడువును నమ్ముకోకుండా ఇప్పటి చట్టం చూడమనేది ఇందుకే.

ప్రభుత్వం ప్రచురించింది కదా అని కూడా ధైర్యపడకండి. అమెరికా ఫెడరల్ ప్రభుత్వ ఉద్యోగులు విధుల్లో భాగంగా చేసిన పనికి ఆ దేశంలో కాపీరైట్ లేదు. నాసా ఫొటోలు అంత విరివిగా కనిపించడానికి అదొక కారణం. భారతదేశంలో మాత్రం ప్రభుత్వ ప్రచురణలకు 60 ఏళ్ళు కాపీరైట్ ఉంటుంది.

## ఒక్క వస్తువులో ఎన్ని హక్కులున్నాయో విప్పి చూడండి

ఎక్కువమంది తడబడేది ఈ మెట్టు దగ్గరే. కాస్త నింపాదిగా చూద్దాం.

పాట తీసుకోండి. సాహిత్యం ఒకరిది, బాణీ ఒకరిది, మీరు వింటున్న ఆ రికార్డింగు ఇంకొకరిది. రచయిత "నా పాట వాడుకో నాయనా" అని మనసారా అన్నా, రికార్డింగును వీడియోలో పెట్టుకునే అనుమతి ఆయన చేతిలో ఉండకపోవచ్చు. అదే పాటను మీరే పాడి రికార్డు చేసుకుంటే పాత రికార్డింగు గొడవ తప్పుతుంది, సాహిత్యం, బాణీల అనుమతి మాత్రం కావాలి. జానపదం అయితే పాట అందరిదీ కావచ్చు. దాన్ని ఊరూరా తిరిగి రికార్డు చేసినవారి రికార్డింగు మాత్రం అందరిదీ కాదు.

అనువాదం చూడండి. మూలం వెయ్యేళ్ళ నాటిదే అయినా, పదేళ్ళ కిందట వచ్చిన అనువాదం ఆ అనువాదకురాలిది. మూలం ఇప్పటి రచయితదైతే, ఆ అనువాదంలోంచి ఒక అధ్యాయం వేసుకోవడానికి ఇద్దరి హక్కులూ చూడాలి. మీరే అనువాదం చేసినా సరే, జీవించి ఉన్న రచయిత కథను అడగకుండా ప్రచురించలేరు. "నేను చేసిన అనువాదం నాదే కదా" అని చాలామంది నిజాయితీగానే అనుకుంటారు. అనువాదంలో మీ శ్రమ మీదే. దాన్ని బయట పెట్టడానికి మాత్రం మూల రచయిత ఒప్పుకోవాలి.

ఉత్తరాల సంగతి ఇంకా సున్నితం. ఒక పెద్ద రచయిత మీ తాతగారికి రాసిన ఉత్తరం మీ ఇంట్లో ఉంది. కాగితం మీది. అందులోని మాటలు రాసినవారివి, వారి తదనంతరం వారి వారసులవి. చిత్రపటం కొన్నవారికీ ఇదే వర్తిస్తుంది. పటం గోడకు తగిలించుకోవచ్చు, అమ్ముకోవచ్చు. దాన్ని పుస్తకం అట్ట మీద అచ్చు వేసుకునే హక్కు ఆ కొనుగోలుతో పాటు రాదు.

ఫొటోలో గుర్తుపట్టగలిగే మనిషి ఉంటే ఫొటోగ్రాఫర్ అనుమతితో పాటు ఆ మనిషి సమ్మతి కూడా అవసరం కావచ్చు, ముఖ్యంగా ప్రకటనల్లో. అది కాపీరైట్ కాదు, వ్యక్తి హక్కు. రెండూ వేర్వేరుగా అడగండి.

## మినహాయింపుల మీద ఎంత ఆధారపడొచ్చు

సమీక్ష రాస్తూ నాలుగు పాదాలు ఉటంకించడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. న్యాయంగా, అవసరమైనంత మేరకు, పేరు చెప్పి ఉటంకించుకోవచ్చని బెర్న్ ఒప్పందమే అంటుంది. భారతదేశం, బ్రిటన్ వంటి దేశాల్లో ఫెయిర్ డీలింగ్ పేరుతో అధ్యయనం, విమర్శ, వార్త వంటి నిర్దిష్టమైన ప్రయోజనాలకు వెసులుబాటు ఉంది. అమెరికా చట్టంలోని ఫెయిర్ యూజ్‌కు నాలుగు కొలతలు ఉన్నాయి: దేనికోసం వాడుతున్నారు, మూలం ఎలాంటిది, ఎంత తీసుకున్నారు, దానివల్ల మూలం మార్కెట్టుకు నష్టమెంత.

"30 సెకన్ల లోపు పాట వాడితే ఏం కాదు", "పది శాతం దాకా పర్వాలేదు" అన్న మాటలు మీరు వినే ఉంటారు. అలాంటి సార్వత్రికమైన అంకె ఏదీ లేదు. ఆరు పాదాల కవితలో నాలుగు పాదాలంటే దాదాపు కవితంతా. వందల పేజీల నవల్లో ఒక పేరా అంటే కొంచెమే.

నేను ఎప్పుడూ వేసుకునే ప్రశ్న ఒకటుంది: ఆ భాగాన్ని తీసుకుని నేను దాని గురించి ఏమైనా చెబుతున్నానా, లేక అది అందంగా ఉందని నా పేజీని అలంకరించుకుంటున్నానా? చర్చిస్తుంటే మినహాయింపు మీద కొంత నిలబడొచ్చు. అలంకారమైతే అడిగి తీరాలి.

## అనుమతి ముందే ఇచ్చి ఉందేమో చూడండి

కొందరు సృష్టికర్తలు అందరికీ ఒకేసారి అనుమతి ఇచ్చేస్తారు. క్రియేటివ్ కామన్స్ లైసెన్సులు అలాంటివే. తొలి లైసెన్సులు 2002లో వచ్చాయి. వాటి అక్షరాలు చదవడం నేర్చుకోండి. బీవై అంటే పేరు చెప్పాలి. ఎన్‌సీ అంటే వ్యాపారానికి వాడకూడదు. ఎన్‌డీ అంటే మార్చినదాన్ని పంచకూడదు, కాబట్టి అనువాదం ప్రచురించడమూ కుదరదు. ఎస్ఏ అంటే మీరు మార్చి చేసినదాన్ని కూడా అదే లైసెన్సుతో విడుదల చేయాలి. సీసీ జీరో అని ఉంటే ఏ షరతూ లేదు.

పేరు ఇచ్చేటప్పుడు నాలుగు సంగతులు వేయండి: రచన పేరు, సృష్టికర్త పేరు, ఎక్కడిదో లింకు, ఏ లైసెన్సో దాని లింకు. మీరు మార్పులు చేసి ఉంటే ఆ మాట కూడా. వికీమీడియా కామన్స్‌లో ఒక్కో ఫొటోకు ఒక్కో లైసెన్సు ఉంటుంది, కాబట్టి ఏ ఫొటోకు ఆ ఫొటో పేజీ తెరిచి చూడాలి. లైసెన్సు కనిపించే పేజీని ఆ రోజే స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి. రేపు ఆ పేజీ మాయమైతే మీ చేతిలో ఉండే ఆధారం అదే.

## హక్కు ఎవరి చేతిలో ఉందో వెతకండి

రచన చేసినవారే హక్కుదారు అని అనుకోవడం సహజం. చాలాసార్లు నిజం కూడా. కానీ ఉద్యోగంలో భాగంగా చేసిన పని సాధారణంగా యజమానిది అవుతుంది. కొందరు రచయితలు హక్కులు ప్రచురణకర్తకు రాసిచ్చి ఉంటారు. కొందరు ఒక్క ముద్రణకే ఇచ్చి మిగతావి తమ దగ్గరే ఉంచుకుంటారు.

పుస్తకమైతే లోపలి అట్ట తర్వాతి పేజీ చూడండి. హక్కులు ఎవరివో, మొదటి ముద్రణ ఏ ఏడో అక్కడే ఉంటుంది. సంకలనమైతే "కృతజ్ఞతలు" పేజీ చదవండి. సంపాదకులు ఎవరిని అడిగారో అందులో తెలుస్తుంది, మీరూ ఆ దారినే వెళ్ళొచ్చు. ఫొటో అయితే, బొమ్మ ఇస్తే దాని ప్రతులు ఎక్కడెక్కడ ఉన్నాయో వెతికిపెట్టే గూగుల్ లెన్స్‌లోనో టిన్ఐలోనో వేసి, అన్నిటికన్నా పాతదీ, అన్నిటికన్నా పెద్ద సైజుదీ ఎక్కడ ఉందో చూడండి. మూలం చాలాసార్లు అక్కడే దొరుకుతుంది. పాటలకు చాలా దేశాల్లో రచయితల, స్వరకర్తల తరఫున లైసెన్సులిచ్చే సంఘాలున్నాయి. విదేశీ రచయితలకు వాచ్ అనే ఉచిత డేటాబేస్ ఉంది. టెక్సాస్ విశ్వవిద్యాలయంలోని హ్యారీ ర్యాన్సమ్ సెంటర్, బ్రిటన్‌లోని రీడింగ్ విశ్వవిద్యాలయం కలిసి నడుపుతున్నాయి. ఏ రచయిత హక్కులు ఎవరి దగ్గరున్నాయో, ఎవరికి రాయాలో అందులో చూడొచ్చు.

రచయిత లేకపోతే వారసులు. వీలునామాలో ఎవరికి రాశారన్నది ముఖ్యం. పిల్లలు నలుగురుంటే ఒకరి మాట చాలకపోవచ్చు. "ఈ అనుమతి అందరి తరఫునా ఇస్తున్నారా?" అని వినయంగా అడిగి, ఆ వాక్యం కూడా రాయించుకోండి.

ఒకసారి ఒక పత్రికలో వచ్చిన బొమ్మ నాకు కావాల్సి వస్తే, సంపాదకులు "నిరభ్యంతరంగా వేసుకోండి" అన్నారు. సంతోషంగా వేసేశాను. పుస్తకం అచ్చయ్యాక తెలిసింది, ఆ చిత్రకారిణి పత్రికకు ఇచ్చింది ఒక్కసారి ప్రచురించుకునే హక్కు మాత్రమేనని. ఫోన్ చేసి చెప్పుకున్నాను. ఆమె కోప్పడలేదు. "ఒక్క మాట నన్ను అడిగి ఉంటే ఇంకా మంచి ప్రతి పంపేదాన్ని కదా" అన్నారు. అప్పటినుంచి ఎవరు "సరే" అన్నా, "ఈ హక్కు మీ దగ్గరే ఉందా?" అని అడగకుండా ముందుకు వెళ్ళను.

## ఉత్తరం రాయండి

ఇదే అసలు పని. "మీ కవిత వాడుకోవచ్చా?" అని ఒక్క ముక్క పంపితే అవతలివారికి ఏమని జవాబివ్వాలో తెలియదు. ఏ కవిత, ఎక్కడ, ఎన్ని కాపీలు, అమ్ముతారా, ఎన్నాళ్ళు అని తిరిగి అడగడానికి ఓపిక లేక ఊరుకుంటారు. వారు "అలాగే" అన్న ఒక్క మాటతో జవాబివ్వగలిగేలా ఉత్తరం ఉండాలి. ఇలా రాయొచ్చు:

"నమస్కారం. మీ వెబ్‌సైట్‌లో 'తీరం' శీర్షిక కింద ఉన్న పడవల ఫొటో, పై నుంచి మూడోది, చూశాను. దాని లింకు కింద ఇస్తున్నాను. సముద్రం మీద బతికే కుటుంబాల గురించి నేను రాసిన వ్యాసాలు పుస్తకంగా వస్తున్నాయి. రెండో వ్యాసం మొదట్లో, అర పేజీ సైజులో, మీ ఫొటో వేసుకోవాలని ఉంది. 500 కాపీలు అచ్చు వేస్తున్నాం, ఈ-బుక్‌గా కూడా అమ్ముతాం. ఈ ఒక్క పుస్తకానికి, తెలుగు ముద్రణకు, ఐదేళ్ళ పాటు, అన్ని దేశాల్లో అమ్ముకునేలా అనుమతి కోరుతున్నాను. ఇతరులకు ఇచ్చుకునే స్వేచ్ఛ మీకు ఎప్పటిలాగే ఉంటుంది. ఫొటోను కత్తిరించం. రంగు తీసి నలుపు తెలుపుల్లో వేయాల్సి వస్తుంది, దానికి కూడా మీ సమ్మతి కావాలి. ఫొటో కిందే మీ పేరు వేస్తాం, ఎలా వేయాలో చెప్పండి. మీ పారితోషికం ఎంతో తెలియజేయండి. హక్కులు ఇంకెవరి దగ్గరైనా ఉంటే వారి వివరం చెప్పగలరు. పుస్తకం వచ్చే నెల చివర ప్రెస్సుకు వెళుతుంది. ఇవ్వడం కుదరకపోతే ఆ మాట చెప్పినా చాలు, వేరే ఏర్పాటు చేసుకుంటాను."

ఇందులో ప్రతి వాక్యానికీ పని ఉంది. గడువూ, ప్రాంతమూ రాయడం ఎందుకంటే, రాయకపోతే చట్టం తన లెక్క వేస్తుంది. భారతీయ చట్టంలో గడువు చెప్పకపోతే ఐదేళ్ళు, ప్రాంతం చెప్పకపోతే భారతదేశం వరకే అని తీసుకుంటారు. రంగు తీయడం గురించి అడిగింది నైతిక హక్కుల కోసం. తన పేరు చెప్పించుకోవడం, తన ప్రతిష్ఠకు భంగం కలిగేలా రచనను వికృతం చేయకుండా ఆపడం సృష్టికర్త హక్కులని 1928 నుంచీ బెర్న్ ఒప్పందంలో ఉంది. అమ్మేసినా అవి రచయితతోనే ఉంటాయి. కవిత మధ్యలో రెండు పాదాలు తీసేసి వేయాలనుకుంటే తప్పక అడగండి. ఎంత ఉదారంగా ఇచ్చేవారైనా అక్కడ నొచ్చుకుంటారు.

పారితోషికం సంగతి మీరే ముందు ఎత్తండి. ఇవ్వలేని స్థితి అయితే దాచకుండా చెప్పండి: పుస్తకం లాభానికి కాదు, ఇంతకన్నా ఇవ్వలేం, రెండు ప్రతులు పంపుతాం అని. "మీకు మంచి పేరొస్తుంది" అని మాత్రం రాయకండి. ఆ మాట వినీ వినీ విసిగిపోయినవారు చాలామంది. "ఫలానా తేదీలోగా జవాబు రాకపోతే ఒప్పుకున్నట్టే భావిస్తాం" అని కూడా వద్దు. ఆ వాక్యానికి విలువ లేదు, పైగా మొరటుగా ఉంటుంది.

పెద్దవయసువారైతే ముందు ఫోన్ చేసి పలకరించి, మాట్లాడిన సారాంశాన్ని తర్వాత రాసి పంపండి. ఫోన్లో ఇచ్చిన మాటలో అబద్ధం ఉండదు, కానీ ఐదేళ్ళ తర్వాత ఇద్దరికీ అది ఒకేలా గుర్తుండదు. ఈమెయిలో, సంతకం చేసిన కాగితమో ఉంటే రెండు వైపులా నిశ్చింత. చిన్న వాట్సాప్ జవాబు కూడా ఏమీ లేకపోవడం కంటే నయమే. దాన్ని బ్యాకప్ తీసి పెట్టుకోండి.

## జవాబు వచ్చాక, లేదా రాకపోతే

అనుమతి వస్తే అందులోని హద్దులు మళ్ళీ చదవండి. పుస్తకానికి ఇచ్చిన అనుమతి ఆడియో పుస్తకానికి చెల్లదు, మొదటి ముద్రణకు ఇచ్చింది రెండోదానికి చెల్లకపోవచ్చు. కొత్తగా ఏదైనా చేస్తుంటే మళ్ళీ ఒక ఉత్తరం రాయండి. కాదంటే బతిమాలకండి, కారణమూ అడగకండి.

జవాబే రాకపోతే రెండు మూడు వారాలాగి గుర్తు చేయండి. ఇంకో దారిలో, ప్రచురణకర్త ద్వారానో మిత్రుల ద్వారానో, మరోసారి ప్రయత్నించండి. ఎప్పుడు, ఎవరికి, ఎలా రాశారో ఒక నోట్‌బుక్‌లో తేదీలతో వేసుకోండి. మౌనాన్ని అంగీకారంగా తీసుకోకూడదు. హక్కుదారు ఎంత వెతికినా దొరకని రచనలకు కొన్ని దేశాల్లో అధికారికమైన దారి ఉంది. బ్రిటన్‌లో 2014 నుంచి అలాంటి లైసెన్సు ఇస్తున్నారు. కెనడాలో కాపీరైట్ బోర్డు ఇస్తుంది. భారతీయ చట్టంలో కూడా రచయిత ఆచూకీ దొరకని సందర్భానికి నిర్బంధ లైసెన్సు, అంటే హక్కుదారు సమ్మతి లేకున్నా చట్టప్రకారం దొరికే అనుమతి, ఏర్పాటు ఉంది. అన్నిచోట్లా మొదట అడిగేది మీరు నిజంగా వెతికారా అనే. ఆ నోట్‌బుక్ అప్పుడు అక్కరకొస్తుంది. అంత దూరం వెళ్ళే వ్యవధి లేకపోతే వేరే ఫొటో, వేరే కవిత చూసుకోవడమే మేలు.

అడగకుండా ఇప్పటికే వాడేసి ఉంటే? ముందు దాన్ని తీసేయండి, లేదా అమ్మకం ఆపండి. తర్వాత హక్కుదారుకు మీరే రాయండి. వాళ్ళు కనిపెట్టి రాసేదాకా ఆగొద్దు. ఏం జరిగిందో చెప్పి, ఏం చేయమంటారో అడగండి.

పుస్తకం వచ్చాక అనుమతి ఇచ్చిన ప్రతి ఒక్కరికీ ఒక ప్రతి పంపండి. వీడియో అయితే లింకు పంపండి. వాళ్ళ పేరున్న పేజీలో ఒక కాగితపు ముక్క పెట్టి పంపితే వెతుక్కునే పని లేకుండా నేరుగా అదే తెరుచుకుంటుంది.